కుర్చీలో కూర్చున్నవాడి ఆట: స్నూకర్ ఛాంపియన్‌షిప్ అంత పొడుగ్గా ఎందుకుంటుంది?

1932 జనవరిలో లండన్‌లోని థర్స్టన్స్ హాల్లో ఇంగ్లండ్ ఆటగాడు జో డేవిస్ దాదాపు మూడు గంటల బిలియర్డ్స్ ఆటని కుర్చీలో కూర్చుని చూశాడు. టికెట్ కొనుక్కుని వచ్చిన ప్రేక్షకుడిగా కాదు, ఆ మ్యాచ్ ఆడుతున్న ఇద్దరిలో ఒకడిగా. రెండోవాడు ఆస్ట్రేలియాకి చెందిన వాల్టర్ లిండ్రమ్. టేబుల్ దగ్గరికి వెళ్లిన లిండ్రమ్ తప్పనేదే లేకుండా కొడుతూ పోయాడు. చివరికి ఒక షాట్ గురి తప్పేసరికి, ఆ ఒక్క బ్రేక్‌లోనే, అంటే గురి తప్పేదాకా సాగిన ఆ ఒక్క వంతులోనే, 4,137 పాయింట్లు చేసేశాడు. బిలియర్డ్స్ ఆటలో అంతటి నైపుణ్యం మరొకరు చూపలేదు. ఆ ఆటకి జనం దూరమైంది కూడా సరిగ్గా ఆ నైపుణ్యం వల్లే.

ఇంగ్లిష్ బిలియర్డ్స్‌లో ఉండేవి మూడే బంతులు. తన బంతితో మిగతా రెండింటినీ తాకిస్తే పాయింట్లొస్తాయి. ఆ మూడింటినీ కుషన్ అనే టేబుల్ అంచు పక్కన దగ్గరదగ్గరగా చేర్చి, మెల్లగా తాకిస్తూ ముందుకి జరుపుకుంటూ వెళ్లడం ఒకసారి పట్టుబడితే, ఇక ఆపేవాడుండడు. అదుపు చేయడానికి పెద్దలు రూల్స్ మార్చారు, మళ్లీ మార్చారు. లిండ్రమ్ లాంటివాళ్లు ప్రతి కొత్త రూల్‌కీ అలవాటు పడిపోయారు. చూసేవాళ్లకి మాత్రం గంటల తరబడి అదే చప్పుడు, అదే కదలిక. ఎదుటివాడికి వంతు ఎప్పుడొస్తుందో తెలియదు. అసలు వస్తుందో రాదో కూడా తెలియదు.

స్నూకర్‌కి ఆ జబ్బు లేదు. 15 రెడ్ బంతులు, 6 కలర్ బంతులు, కొట్టడానికి ఒక తెల్ల బంతి. ఒక రెడ్ పాకెట్లో వేస్తే 1 పాయింటు, తర్వాత ఒక కలర్. పసుపుకి 2, పచ్చకి 3, బ్రౌన్‌కి 4, బ్లూకి 5, పింక్‌కి 6, బ్లాక్‌కి 7. రెడ్స్ ఉన్నంతసేపూ కలర్ బంతులు పాకెట్లో పడ్డా తిరిగి తమ స్థానానికి వస్తాయి. రెడ్స్ అయిపోయాక కలర్స్ వరసగా వెళ్లిపోతాయి. ప్రతి రెడ్‌తోనూ బ్లాక్ వేస్తే 15 సార్లు 8, అంటే 120. ఆ తర్వాత మిగిలిన కలర్స్‌కి 27. మొత్తం 147. ఎంతటి మొనగాడైనా అక్కడితో టేబుల్ ఖాళీ. బంతులన్నీ మళ్లీ పేరుస్తారు, స్కోరు సున్నా నుంచి మొదలవుతుంది. కూర్చున్నవాడు కూడా లేచి నిలబడతాడు.

స్నూకర్ బతికి బట్టకట్టడానికి ఈ ముగింపే కారణం. బంతులు పేర్చిన దగ్గర్నుంచి టేబుల్ మీద ఆట ముగిసేదాకా ఒక ఫ్రేము. ఆ ఫ్రేముకి ముగింపు దొరికాక మిగిలింది ఒకే ప్రశ్న. ఒక ఆటగాణ్ణి ప్రపంచ ఛాంపియన్ అనాలంటే ఎన్ని ఫ్రేములు ఆడించాలి? ఈ ఆట చరిత్రలో దానికి 31 అని ఒకసారి, 145 అని ఒకసారి, ఒక్కటి చాలని ఒకసారి జవాబు చెప్పారు. చివరికి 35 దగ్గర నిలబడింది.

ఆట పుట్టింది మన దేశంలోనే. అదీ కాలక్షేపం కోసమే. 1875 వానాకాలంలో జబల్‌పూర్ కంటోన్మెంట్‌లో బయటికి కదల్లేక, బ్రిటిష్ సైనికాధికారులు మెస్‌లోని బిలియర్డ్స్ టేబుల్ చుట్టూ పొద్దుపుచ్చేవాళ్లు. పిరమిడ్స్ అనే ఆటలో 15 రెడ్ బంతులుండేవి. బ్లాక్ పూల్ అనే ఆటలో ఒక నల్ల బంతి ఉండేది. నెవిల్ చాంబర్లిన్ అనే కుర్ర లెఫ్టినెంట్ ఈ రెంటినీ కలిపేసి, పైన ఇంకొన్ని రంగుల బంతులు చేర్చాడు. ఒకరోజు ఒక అధికారి తేలికైన బంతిని కూడా పాకెట్లో వేయలేకపోతే, చాంబర్లిన్ అతన్ని ‘స్నూకర్’ అని ఆటపట్టించాడట. ఇంగ్లండ్‌లోని వూల్విచ్ సైనిక అకాడమీలో మొదటి సంవత్సరం కుర్రాళ్లకి ఉన్న ముద్దుపేరది. అవతలివాడు నొచ్చుకోకుండా వెంటనే, ఈ ఆటలో మనమందరం స్నూకర్లమే అని సర్దిచెప్పాడు. ఆ పేరు ఆటకి అతుక్కుపోయింది. 1882లో ఊటీ క్లబ్బులో రూల్స్ రాసి పెట్టారు. 1885లో ఇంగ్లండ్ బిలియర్డ్స్ ఛాంపియన్ జాన్ రాబర్ట్స్ కలకత్తా వచ్చినప్పుడు, కూచ్ బిహార్ మహారాజా విందులో చాంబర్లిన్‌ని కలిసి రూల్స్ అడిగి తెలుసుకున్నాడు. ఆట ఆయన వెంట ఓడెక్కింది.

ఈ కథ బయటికి రావడానికి 1938 దాకా పట్టింది. ఆట నా దగ్గర పుట్టిందంటే నా దగ్గర పుట్టిందని రకరకాల వాదనలు నడుస్తుంటే, అప్పటికి వృద్ధుడైన చాంబర్లిన్ ‘ది ఫీల్డ్’ పత్రికకి ఉత్తరం రాసి సంగతంతా వివరించాడు. అదే ఏడాది బ్రిటన్ ప్రధానిగా ఉన్న నెవిల్ చాంబర్లిన్ వేరు, ఈయన వేరు. పేరు ఒకటే కావడంతో ఇప్పటికీ చాలామంది పొరబడుతుంటారు.

పుట్టిన తర్వాత యాభై ఏళ్ల దాకా స్నూకర్‌ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. బిలియర్డ్స్ మ్యాచ్ తొందరగా ముగిస్తే, మిగిలిన టైములో జనానికి ఆడి చూపించే చిల్లర ఆట అది. దానికి ప్రొఫెషనల్ ఛాంపియన్‌షిప్ పెట్టమని 1920లలో అడిగితే, జనం చూసే ఆటగా దీనికి అంత ఆదరణ ఉంటుందా అని బిలియర్డ్స్ సంఘం సందేహించింది. జో డేవిస్ ఊరుకోలేదు. బర్మింగ్‌హామ్‌లో బిలియర్డ్స్ హాళ్లు నడిపే బిల్ కామ్‌కిన్‌ని తోడు చేసుకుని పోటీ పెట్టించాడు. 1927లో కామ్‌కిన్ హాల్లోనే ఫైనల్ జరిగింది. డేవిస్ 20-11తో టామ్ డెనిస్‌ని ఓడించాడు. ఆయనకి దక్కిన సొమ్ము 6 పౌండ్ల 10 షిల్లింగులు. ఆటగాళ్లు కట్టిన ఎంట్రీ ఫీజులోంచే ఒక వెండి కప్పు కొన్నారు. ఈనాటికీ ప్రపంచ ఛాంపియన్ చేతికి అందేది ఆ కప్పే.

20-11 అనే ఆ స్కోరుని కాస్త ఆగి చూడాలి. ఫైనల్ మొత్తం 31 ఫ్రేములు. 16 గెలిస్తే టైటిల్ ఖాయం. డేవిస్ 16 దగ్గర ఆగలేదు, 20 దాకా వెళ్లాడు. ఫలితం తేలిపోయినా మిగిలిన ఫ్రేములన్నీ ఆడేశారు. మిగతా రోజుల టికెట్లు కొన్నవాళ్లకి కూడా ఆట చూపించాలన్నది అప్పటి పద్ధతి. అంటే ఆ రోజుల్లో మ్యాచ్ నిడివిని నిర్ణయించింది పోటీ ఒక్కటే కాదు, హాలు బుకింగ్ కూడా. ఆ నిడివి ఏడాదికేడాది పెరుగుతూ పోయి, 1946 ఫైనల్ నాటికి 145 ఫ్రేములకి చేరింది. లండన్‌లోని రాయల్ హార్టికల్చరల్ హాల్లో రెండు వారాల పాటు జో డేవిస్, హోరస్ లిండ్రమ్ ఆడారు. హోరస్, ఆ వాల్టర్ లిండ్రమ్‌కి మేనల్లుడు. స్కోరు 78-67. 73కి గెలవాల్సిన మ్యాచ్‌లో 145 ఫ్రేములూ ఆడారని ఆ అంకెలే చెబుతున్నాయి. డేవిస్‌కి అది 15వ టైటిల్. 1927 నుంచి ఛాంపియన్‌షిప్‌లో ఆయన్ని ఓడించినవాడే లేడు.

నిడివి ఏం చేస్తుందో చిన్న లెక్క వేస్తే స్పష్టంగా కనిపిస్తుంది. ఇద్దరు ఆటగాళ్లలో ఒకడు కాస్త మెరుగు అనుకుందాం. ఏ ఒక్క ఫ్రేములోనైనా అతను గెలిచే అవకాశం 55 శాతం. ఒకే ఫ్రేము ఆడితే ఆ 55 శాతం 55గానే ఉంటుంది, దాదాపు బొమ్మాబొరుసు లాంటిదే. 19 ఫ్రేముల మ్యాచ్ పెడితే అతను గెలిచే అవకాశం 67 శాతం దగ్గరికి వెళ్తుంది. 35 ఫ్రేములైతే సుమారు 72. అదే 145 ఫ్రేములైతే 89 దాకా పోతుంది. తేడా చిన్నదే, కానీ నిడివి దాన్ని పెద్దది చేసి చూపిస్తుంది. అసలు మెరుగైనవాడెవడో తేల్చడమే పోటీ పని అనుకుంటే 145 ఫ్రేములకి మించిన పద్ధతి లేదు. ఎవరు గెలుస్తారోనని ఊపిరి బిగబట్టి చూడాలంటే మాత్రం అంతకంటే చెడ్డ పద్ధతి కూడా లేదు.

1946 తర్వాత డేవిస్ ఛాంపియన్‌షిప్ నుంచి తప్పుకున్నాడు, ఆట నుంచి కాదు. అసలు దెబ్బ అక్కడే తగిలింది. అందరికంటే గొప్ప ఆటగాడు బయట ఎగ్జిబిషన్ మ్యాచ్‌లు, ఇతర టోర్నమెంట్లు ఆడుతూనే ఉన్నాడు. ఆయన లేని పోటీలో గెలిచినవాణ్ణి ప్రపంచ ఛాంపియన్ అంటే జనానికి నమ్మకం కుదరలేదు. ఆయన తమ్ముడు ఫ్రెడ్ డేవిస్ చక్కటి ఆటగాడే, మూడుసార్లు టైటిల్ గెలిచాడు కూడా. 1952లో సంఘంతో డబ్బు విషయంలో, పెత్తనం విషయంలో గొడవలొచ్చి ప్రొఫెషనల్స్ దాదాపు అందరూ పోటీని బహిష్కరించారు. ఆ ఏడాది అధికారిక పోటీలో మిగిలింది ఇద్దరే, హోరస్ లిండ్రమ్, న్యూజిలాండ్‌కి చెందిన క్లార్క్ మెకానకీ. మిగిలినవాళ్లు సొంతంగా వేరే ఛాంపియన్‌షిప్ పెట్టుకున్నారు. అది 1957 దాకా ఈడ్చి ఆగిపోయింది. 1958 నుంచి 1963 వరకు ప్రపంచ ఛాంపియన్‌షిప్ అన్నదే లేదు. 1964లో మళ్లీ మొదలైనప్పుడు కూడా ఛాంపియన్‌ని ఒకడు సవాలు చేయడం, ఇద్దరూ ఆడుకోవడం, అంతే. 1969లో గానీ నాకౌట్ పద్ధతి తిరిగి రాలేదు.

అదే 1969లో టీవీ వచ్చి ఈ ఆటని నిలబెట్టింది. బీబీసీ 2 ఛానెల్ అప్పుడప్పుడే రంగుల ప్రసారాలు మొదలుపెట్టింది. రంగు లేకపోతే అర్థమే కాని ఆట, తక్కువ ఖర్చుతో అయిపోయే కార్యక్రమం, కెమెరాలో ఇమిడిపోయేంత టేబుల్. ఇంతకంటే సరిపోయేది ఏముంటుంది? ‘పాట్ బ్లాక్’ పేరుతో జులైలో మొదలైన ఆ కార్యక్రమంలో మ్యాచ్ అంటే ఒకే ఒక్క ఫ్రేము. 145 నుంచి 1కి! రే రియర్డన్, జాన్ స్పెన్సర్ లాంటివాళ్ల ముఖాలు ఇంటింటికీ తెలిశాయి. ఒక్క ఫ్రేము మ్యాచ్‌లో ఎవరైనా గెలవచ్చు కాబట్టి దాన్ని ఎవరూ ఛాంపియన్‌షిప్‌గా లెక్కపెట్టలేదు. అయినా బంతుల విలువలు, ఫౌల్స్, ఎదుటివాడికి అవకాశం ఇవ్వకుండా ఆడే సేఫ్టీ షాట్లు అంటే ఏమిటో ఒక దేశానికి దేశమే నేర్చుకుంది. పొడుగాటి ఆటని చూడగలిగే జనాన్ని తయారుచేసింది ఈ పొట్టి ఆటే. పాట్ బ్లాక్‌ని కాలక్షేపం కార్యక్రమమని తేలిగ్గా తీసేసేవాళ్లు ఈ సంగతి మర్చిపోతారు.

1977లో ఛాంపియన్‌షిప్ షెఫీల్డ్‌లోని క్రూసిబుల్ థియేటర్‌కి వచ్చింది. నాటకం చూడటానికి అక్కడికి వెళ్లిన ఒకావిడ, ఈ హాలు నీ పోటీకి బాగుంటుందని భర్తకి చెప్పింది. ఆ భర్త పేరు మైక్ వాటర్సన్, పోటీ నిర్వాహకుడు. వెయ్యిలోపే సీట్లున్న థియేటర్ అది. వేదికకి మూడు వైపులా ప్రేక్షకులు, ముందు వరసలో కూర్చున్నవాళ్లకి ఆటగాడు బంతిని కొట్టే కర్రకి, అంటే క్యూకి, చాక్ రాసుకునే చప్పుడు కూడా వినబడుతుంది. మొదటి రౌండ్లలో మధ్యలో అడ్డుతెర కట్టి రెండు టేబుళ్లు వేస్తారు. సెమీఫైనల్‌కి తెర తీసేసి ఒకే టేబుల్ ఉంచుతారు. మరుసటి ఏడాది నుంచి బీబీసీ రోజూ ప్రసారం చేయడం మొదలుపెట్టింది. 1980 నుంచి ఫైనల్ 35 ఫ్రేములకి స్థిరపడింది. ఇప్పుడు 32 మంది ఆటగాళ్లు, 17 రోజులు. మొదటి రౌండ్‌లో 19 ఫ్రేములు, తర్వాతి రెండింట్లో 25, సెమీఫైనల్‌కి 33, ఫైనల్‌కి 35. మెజారిటీ వచ్చాక ఆట ఆగిపోతుంది, ఫలితం తేలిన తర్వాత ఎవరూ ఆడరు. కప్పు గెలవాలంటే మొత్తం 71 ఫ్రేములు గెలవాలి.

ఇందాకటి లెక్కలో ఒక లోపముంది. ప్రతి ఫ్రేమూ దేనికదే, ముందు ఫ్రేము ప్రభావం తర్వాతి దాని మీద ఉండదు అనుకుని వేసిన లెక్క అది. క్రూసిబుల్‌లో ఒక్క మ్యాచ్ పూర్తిగా చూసినవాళ్లెవరూ దాన్ని ఒప్పుకోరు. దానికి కారణం కుర్చీ.

క్రికెట్‌లో బ్యాటింగ్ ఎదుటివాడిదే అయినా బంతి మన చేతిలో ఉంటుంది. టెన్నిస్‌లో సర్వీస్ వాడిదైనా తిరిగి కొట్టే హక్కు మనది. స్నూకర్‌లో ఎదుటివాడు టేబుల్ దగ్గరున్నంతసేపూ చేయగలిగింది ఏమీ లేదు. నీళ్లు తాగొచ్చు, టవల్‌తో చేతులు తుడుచుకోవచ్చు, నేల చూపులు చూడొచ్చు. ఇందాక తప్పిపోయిన బంతి గురించి ఆలోచించకుండా ఉండటం మాత్రం ఎవరి తరమూ కాదు. సెషన్, అంటే ఒక పూట ఆట, ముగిస్తే హోటల్‌కి వెళ్లి, రాత్రంతా అదే తలుచుకుని, పొద్దున మళ్లీ వచ్చి అదే కుర్చీలో కూర్చోవాలి. ఫైనల్ రెండు రోజులు, నాలుగు సెషన్లు. నిడివి పెంచితే నైపుణ్యం ఒక్కటే తేలదు, కూర్చోవడం ఎవరికి చేతనవునో కూడా తేలుతుంది.

2005 క్వార్టర్‌ఫైనల్ చూస్తే ఈ సంగతి అర్థమవుతుంది. అంతకు ఎనిమిదేళ్ల ముందు ఇదే క్రూసిబుల్‌లో రానీ ఓ’సలివన్ 5 నిమిషాల 8 సెకన్లలో 147 కొట్టేశాడు. అంత వేగంగా మరెవరూ కొట్టలేదు. అలాంటి ఓ’సలివన్ మీద 2005లో పీటర్ ఎబ్డన్ 2-8తో వెనకబడ్డాడు. ఎబ్డన్ సహజంగానే నెమ్మదిగా ఆడే మనిషి, ఆ రోజు ఇంకా నెమ్మదించాడు. ప్రతి షాట్‌కీ టేబుల్ చుట్టూ తిరిగి, వంగి, లేచి, మళ్లీ వంగి చూశాడు. ఒక దశలో 12 పాయింట్ల బ్రేక్‌కి అయిదున్నర నిమిషాలు తీసుకున్నాడు. అంటే ఓ’సలివన్ 147 కొట్టడానికి పట్టిన టైము కంటే ఎక్కువ. కుర్చీలో ఉన్న ఓ’సలివన్ నుదురు గీరుకున్నాడు, తనలో తను నవ్వుకున్నాడు, ప్రేక్షకుల్లో ఒకర్ని టైమెంతయిందని అడిగాడు. తన వంతు వచ్చేసరికి చేతిలో ఊపు పోయింది. ఎబ్డన్ 13-11తో గెలిచాడు. అది ఆటా, ఆటని అడ్డుకోవడమా అని అప్పట్లో పెద్ద చర్చ నడిచింది. ఎబ్డన్ ఏ రూలూ మీరలేదు. ఓపిక కూడా క్యూ లాంటి పరికరమే అనుకున్నాడు, దాన్ని వాడాడు. ఆ మ్యాచ్ పొట్టిదై ఉంటే ఆయనకి ఆ అవకాశమే వచ్చేది కాదు.

1985 ఫైనల్‌ని ఎందుకు ఇప్పటికీ తలుచుకుంటారో కూడా నిడివిలోంచి చూస్తేనే తెలుస్తుంది. ప్రపంచంలో నంబర్ వన్ స్టీవ్ డేవిస్ మొదటి 8 ఫ్రేములూ గెలిచేశాడు. పెద్ద కళ్లద్దాల డెనిస్ టేలర్ ఒక్కొక్కటే కూడగట్టుకుంటూ వచ్చి 17-17 చేశాడు. రెండు రోజుల్లో ఒక్కసారి కూడా ఆయన ఆధిక్యంలో లేడు. ఆఖరి ఫ్రేము 68 నిమిషాలు సాగింది. డేవిస్ 62, టేలర్ 44. టేబుల్ మీద మిగిలినవి బ్రౌన్, బ్లూ, పింక్, బ్లాక్. నాలుగింటి విలువ 22, తేడా 18. అంటే టేలర్ గెలవాలంటే నాలుగూ తనే వేయాలి, ఒక్కటి కూడా వదలకూడదు. దూరం నుంచి బ్రౌన్ వేశాడు. బ్లూ వేశాడు. పింక్ వేశాడు. 62-59. ఇక ఉన్నది ఒక్క నల్ల బంతి, అది వేసినవాడే ఛాంపియన్. టేలర్ ప్రయత్నించాడు, తప్పింది. బంతి అటూ ఇటూ తిరిగాక డేవిస్‌కి పల్చటి కోణంలో అవకాశం వచ్చింది. మామూలు రోజున ఆయన కళ్లు మూసుకుని వేసే బంతి. మరీ పల్చగా తగిలించాడు, బ్లాక్ పాకెట్ పక్కనుంచి పోయింది. టేలర్ లేచి వచ్చి వేశాడు, క్యూని రెండు చేతులతో తల పైకెత్తాడు. అప్పటికి అర్ధరాత్రి దాటి 23 నిమిషాలు. బ్రిటన్‌లో కోటీ 85 లక్షల మంది, అంటే దేశ జనాభాలో సుమారు మూడో వంతు, మెలకువగా కూర్చుని చూశారు. అదే మ్యాచ్ 9 ఫ్రేములదై ఉంటే 8-0కి చాలాముందే 5-0తో ముగిసిపోయి, ఎవరికీ గుర్తుండేది కాదు.

నిడివి ఇచ్చినట్టే లాక్కుంటుంది కూడా. 1983లో కెనడాకి చెందిన క్లిఫ్ థోర్‌బర్న్, టెర్రీ గ్రిఫిత్స్ మీద ఆడుతూ క్రూసిబుల్‌లో మొట్టమొదటి 147 కొట్టాడు. తొలి రెడ్ అనుకోకుండా పడింది, ఆ తర్వాతవన్నీ లెక్కప్రకారం పడ్డాయి. పక్క టేబుల్ మీద ఆట ఆపేశారు, అక్కడ ఆడుతున్న బిల్ వెర్బెనియుక్ తెర చాటు నుంచి తొంగి చూశాడు. చివరి బ్లాక్ పడగానే థోర్‌బర్న్ మోకాళ్ల మీద కూలబడ్డాడు. వార్తల్లో నిలిచింది ఈ దృశ్యమే. ఆ మ్యాచ్ 13-12 దాకా వెళ్లి తెల్లవారుజామున 3 గంటల 51 నిమిషాలకి ముగిసింది. క్వార్టర్‌ఫైనల్, సెమీఫైనల్ కూడా ఆఖరి ఫ్రేము దాకా లాగాడు. ఫైనల్ చేరేసరికి మనిషిలో సత్తువ లేదు. స్టీవ్ డేవిస్ 18-6తో గెలిచాడు. ఆ 147ని తలుచుకునేటప్పుడు దాని తర్వాతి పది రోజుల్ని కూడా కలిపి చూస్తేనే ఈ ఛాంపియన్‌షిప్ ఎలాంటిదో తెలుస్తుంది.

జిమ్మీ వైట్ సంగతి ఇంకా బాధ కలిగిస్తుంది. ఆరు ఫైనల్స్ ఆడి ఆరూ ఓడిపోయాడు, అందులో నాలుగు స్టీఫెన్ హెండ్రీ చేతిలోనే. 1994లో 17-17 దగ్గర, 37-24 ఆధిక్యంలో ఉండగా, స్పాట్ మీద, అంటే దాని మామూలు స్థానంలోనే ఉన్న బ్లాక్ తప్పాడు. అది ఆయన పుట్టినరోజు. వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు. హెండ్రీ 58 పాయింట్ల బ్రేక్ కొట్టి టైటిల్ పట్టుకుపోయాడు. వైట్ మళ్లీ ఫైనల్ చేరలేదు.

క్రూసిబుల్ శాపం అని ఒకటి ప్రచారంలో ఉంది. అక్కడ మొదటిసారి టైటిల్ గెలిచినవాళ్లెవరూ మరుసటి ఏడాది దాన్ని నిలబెట్టుకోలేదు. 1979లో గ్రిఫిత్స్ మొదలుకొని 2024లో కైరన్ విల్సన్ దాకా అలాంటివాళ్లు 20 మంది. శాపం అనాల్సిన పని లేదు, కొంతవరకు ఇది లెక్కే. ప్రతి మ్యాచ్‌లోనూ 70 శాతం గెలుపు అవకాశమున్న ఆటగాడైనా, వరసగా అయిదు మ్యాచ్‌లు గెలిచే అవకాశం 17 శాతమే. అయినా ఆ లెక్క ప్రకారం 20 మందిలో కనీసం ముగ్గురైనా గెలిచి ఉండాల్సింది. జో జాన్సన్, కెన్ డోహర్టీ తర్వాతి ఏడాది ఫైనల్ దాకా వెళ్లి ఓడిపోయారు, అంతే. మిగిలిన తేడాకి జవాబు అంకెల్లో దొరకదు. కొత్త ఛాంపియన్ కూర్చున్న కుర్చీ వైపు కెమెరాలు ఎక్కువసేపు తిరిగి ఉంటాయి.

ఇంత నిడివి ఇప్పటి కాలానికి సరిపోదనే వాదన తరచూ వినిపిస్తుంది. 2022లో మార్క్ సెల్బీ, యాన్ బింగ్‌టావో మధ్య ఒక్క ఫ్రేము 85 నిమిషాలు నడిచింది. ఇంకోవైపు షూట్ అవుట్ అనే టోర్నమెంట్‌లో మ్యాచ్ అంటే ఒకే ఫ్రేము, పది నిమిషాలు, షాట్‌కి మొదట్లో 15 సెకన్లు, తర్వాత 10. సరదాగా ఉంటుంది, ఉండాలి కూడా. పాట్ బ్లాక్ చేసిన పని ఇప్పుడు అది చేస్తోంది. ఛాంపియన్‌షిప్‌ని కూడా ఆ దారి పట్టిస్తే మాత్రం పోయేది కొన్ని గంటల ప్రసారం కాదు. 0-8 నుంచి తిరిగి రావడానికి ఉన్న చోటు పోతుంది.

చైనాలో ఈ ఆటకి ఊపు తెచ్చింది డింగ్ జున్‌హుయ్. 2005లో బీజింగ్‌లో 18 ఏళ్ల వయసులో హెండ్రీని ఓడించి చైనా ఓపెన్ గెలిచాడు. 2016లో క్రూసిబుల్ ఫైనల్ దాకా వెళ్లి సెల్బీ చేతిలో ఓడాడు. 2023లో మ్యాచ్ ఫిక్సింగ్ వ్యవహారంలో పదిమంది చైనా ఆటగాళ్లకి శిక్షలు పడ్డాయి. అందులో జావో షిన్‌టాంగ్ ఒకడు. తన మ్యాచ్ ఏదీ ఫిక్స్ చేయకపోయినా, మరొకరి వ్యవహారంలో భాగం ఉన్నందుకు 20 నెలల నిషేధం పడింది. నిషేధం ముగిశాక 2025 ఛాంపియన్‌షిప్‌కి అమెచ్యూర్‌గా వచ్చాడు. ముందు నాలుగు క్వాలిఫైయింగ్ మ్యాచ్‌లు, ఒక్కోదాంట్లో 10 ఫ్రేములు గెలవాలి. అవి 40. తర్వాత క్రూసిబుల్‌లో 71. మొత్తం 111 ఫ్రేములు గెలిస్తేనే కప్పు.

సెమీఫైనల్‌లో ఎదురైంది ఏడుసార్లు ఛాంపియన్ ఓ’సలివన్. మొదటి సెషన్ 4-4. రెండో సెషన్‌లో ఉన్న 8 ఫ్రేములూ జావోనే గెలిచాడు. ఇరవై ఏళ్ల కిందట ఎబ్డన్ మీద ఆడినప్పటిలా ఈసారి ఎవరూ నెమ్మదిగా ఆడలేదు. జావో గబగబా, ధారాళంగా కొడుతూ పోయాడు. ఓ’సలివన్ మాత్రం మళ్లీ కుర్చీలోనే. మూడో సెషన్‌లో 17-7తో మ్యాచ్ ముగిసింది. ఫైనల్‌లో జావో 18-12తో మార్క్ విలియమ్స్‌ని ఓడించి ఆసియా నుంచి తొలి ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. సెమీఫైనల్ నాలుగో సెషన్‌లో ఆడాల్సిన 9 ఫ్రేములు అలాగే మిగిలిపోయాయి. 1927లో అయితే వాటిని కూడా ఆడించేవాళ్లు.